ఒకే రోజు మూడు కనుమలు: రోడ్డు సైకిల్ మీద కొండదారి ప్లాన్ చేసుకోవడం ఎలా?

"వంద కిలోమీటర్లు హాయిగా తొక్కేస్తున్నాను. ఫలానా కొండల రూటు కూడా వందే. వెళ్లొచ్చా?" అని అడిగేవాళ్లు ఆగడం లేదు. అందరికీ నా ఎదురు ప్రశ్న ఒకటే: మీరు గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కుతారు? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. అది లేకుండా రూటు పొడవు చెప్పినా ఏమీ తేలదు.

ఇటలీ డోలమైట్స్‌లో సెల్లా పర్వతం చుట్టూ ఒక ప్రసిద్ధమైన రోడ్డు ఉంది. కాంపొలోంగో, పోర్దోయ్, సెల్లా, గార్దెనా అని నాలుగు కనుమలు దాటి మొదలైన చోటికే వస్తుంది. చుట్టు మొత్తం సుమారు 55 కి.మీ. చదును నేల మీద రెండు రెండున్నర గంటల పని. కానీ అందులో ఎక్కాల్సిన ఎత్తు 1,600 మీటర్ల పైమాటే. మామూలు సైకిలిస్టుకు ఆగిన సమయంతో కలిపి నాలుగు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. కొండల్లో రోజును కొలవాల్సింది కిలోమీటర్లతో కాదు, ఎక్కే మీటర్లతో, గడియారంతో. కింద చెప్పేదంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పటికే 80-100 కి.మీ. రైడ్లు చేస్తూ, ఒక రోజులో వెయ్యి మీటర్ల వరకు ఎక్కిన అనుభవం ఉన్నవాళ్ల కోసం ఇది. అంత అనుభవం లేకపోతే ముందు ఒక్క కనుమ ఎక్కి, అదే దారిన దిగి రండి. అది చిన్న పనేమీ కాదు.

కావాల్సినవి

- మీ ఒంటికి సరిపోయి, అలవాటైన సైకిల్. కొత్త సీటు, కొత్త బూట్లు ఈ రోజుకు వద్దు.
- తేలికైన కింది గేరు (ఎంత తేలికో 4వ మెట్టులో).
- సగానికి పైగా మందం మిగిలిన బ్రేక్ ప్యాడ్లు.
- రెండు ట్యూబులు, టైరు లివర్లు, పంపు, మల్టీటూల్, చైన్ తెగితే కలపడానికి క్విక్ లింక్. ట్యూబ్‌లెస్ అయితే ప్లగ్గులు, అయినా ఒక ట్యూబు.
- గాలిని ఆపే పల్చటి జాకెట్, నిండు వేళ్ల గ్లౌజులు, చేతులకు తొడుగులు.
- రెండు నీళ్ల సీసాలు, తిండి.
- ముందు వెనుక లైట్లు. పగలైనా సరే, సొరంగాల కోసం.
- ఫోన్, అందులో ఆఫ్‌లైన్ మ్యాపు. లోయల్లో సిగ్నల్ పోతుంది.
- అరచేతిలో పట్టేంత కాగితం ముక్క. 3వ మెట్టులో దాని మీద టైమ్‌టేబుల్ రాస్తాం.

1. మీ "గంట ఎత్తు" కొలవండి

కనీసం అరగంట ఆగకుండా ఎక్కే రోడ్డు ఒకటి చూసుకోండి. రోజంతా తొక్కగలననిపించే ఊపులో ఎక్కండి. ఎక్కిన ఎత్తును పట్టిన సమయంతో భాగించండి. అరగంటలో 350 మీటర్లు ఎక్కితే మీ వేగం గంటకు 700 మీటర్లు. సైక్లింగ్ లోకంలో దీన్ని వీఏఎం అంటారు. క్రమంగా తొక్కే ఔత్సాహికుల్లో చాలామంది 500-800 మధ్య ఉంటారు. పెద్ద రేసుల్లో ముందుండే ప్రొఫెషనల్స్ 1,600 దాటిస్తారు. వాళ్ల వీడియోలు చూసి టైమ్‌టేబుల్ రాసుకోకండి.

ఆ 700ను అలాగే వాడకూడదు. తాజా కాళ్లతో వచ్చిన అంకె అది. ప్లానుకు 85 శాతం తీసుకోండి, అంటే సుమారు 600. రెండో కనుమకు 550, మూడోదానికి 500 అనుకోండి. కనుమ 2,000 మీటర్లు దాటితే ఆ పై భాగానికి ఇంకో పది శాతం కోయండి. 2,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే నాలుగింట మూడు వంతులే. మీ కాళ్లు అవే, అందే ఆక్సిజన్ మాత్రం తక్కువ.

దగ్గర్లో కొండ లేనివాళ్లు: ఎనిమిది పది నిమిషాల ఎక్కుడు దొరికినా చాలు. దాన్నే నాలుగుసార్లు ఎక్కి, నాలుగోసారి పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకోండి. మొదటిసారిది మీ ఉత్సాహాన్ని కొలుస్తుంది, నాలుగోసారిది మీ కాళ్లను.

సిద్ధంగా ఉన్నారో లేదో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే: గత నెల రోజుల్లో, అనుకున్న మొత్తం ఎత్తులో మూడింట రెండు వంతులు ఒకే రోజు ఎక్కారా? ఎక్కి, మర్నాడు మెట్లు దిగగలిగారా? అయితే వెళ్లండి. లేదంటే రూటులో ఒక కనుమ తీసేయండి.

2. దారి గీయండి, ఆ గీతను నమ్మకండి

ఏదైనా రూట్ ప్లానర్‌లో దారి గీస్తే ఎత్తుల బొమ్మ వస్తుంది. అందులో మూడు చోట్ల పొరపాటు పడతాం.

ఒకటి, సగటు వాలు. ఫ్రాన్స్‌లోని మోఁ వాంతూ కనుమ కాదు, ఒంటరి కొండ. కానీ సగటు ఎలా మోసం చేస్తుందో చెప్పడానికి దాన్ని మించింది లేదు. బెద్వాన్ ఊరి నుంచి 21 కి.మీ. పైచిలుకు ఎక్కుడు, సగటు వాలు ఏడున్నర శాతం దరిదాపు, అంటే వంద మీటర్ల దారికి ఏడున్నర మీటర్ల ఎత్తు. మొదటి ఐదారు కిలోమీటర్లు చాలా మెత్తగా పోతాయి. "ఇంతేనా" అనుకునేలోపు అడవి మొదలై, అక్కణ్ణుంచి దాదాపు పది కిలోమీటర్లు తొమ్మిది పది శాతం వాలు మీదే నడుస్తుంది. ఆ మెత్తని భాగంలో ఊపు చూపించినవాళ్లు అడవిలో అప్పు తీరుస్తారు. కాబట్టి సగటు చూడకండి. ప్రతి కిలోమీటరు వాలునూ విడిగా చూసి, అన్నిటికంటే నిటారుగా ఉన్న మూడు కిలోమీటర్లకు గుర్తు పెట్టండి.

రెండు, సొరంగాలు, వంతెనలు. చాలా ప్లానర్లు నేల ఎత్తుల డేటా చూసి లెక్క కడతాయి. రోడ్డు సొరంగంలో నుంచి వెళ్తున్నా, గీత కొండ మీదుగా వెళ్లినట్టే చూపిస్తుంది. ఒక్కసారిగా వంద మీటర్లు పైకి లేచి అంతే వేగంగా కిందికి పడే ముల్లు కనిపిస్తే అది సొరంగమని అనుమానించి శాటిలైట్ బొమ్మలో చూడండి. ఇదే కారణంగా మొత్తం ఎత్తు ఒక్కో ప్లానర్‌లో ఒక్కోలా వస్తుంది. రెండింటిలో చూసి పెద్ద అంకె తీసుకోండి.

మూడు, సైకిళ్లకు అనుమతి. కొన్ని సొరంగాల్లోకి, కొన్ని హైవేల మీదికి సైకిళ్లను రానివ్వరు. ఫ్రాన్స్‌లోని గాలిబియే కనుమ ఎత్తు 2,642 మీటర్లు. దానికి కాస్త కింద, 2,556 మీటర్ల దగ్గర సొరంగం ఉంది, కానీ సైకిలు మీద వచ్చినవాళ్లు పైనుంచే దాటాలి. ఆ చివరి కిలోమీటరు మొత్తం ఎక్కుడులోనే బాగా నిటారైనది. అలిసిపోయాక "సొరంగంలోంచి వెళ్దాంలే" అనుకోవడానికి వీల్లేదు.

కనుమ తెరిచే ఉందో లేదో కూడా చూడాలి. ఎత్తైన కనుమలు మంచు వల్ల నెలల తరబడి మూసి ఉంటాయి. తెరిచాక కూడా కొండచరియలు, రోడ్డు పనులు, రేసుల వల్ల మూతపడొచ్చు. ఆ ప్రాంతపు రోడ్ల శాఖ సమాచారం వారం ముందు ఒకసారి, ముందురోజు సాయంత్రం ఒకసారి చూడండి.

ఏ వైపు నుంచి తిరగాలి? నా ఓటు నిటారు వైపు ఎక్కి, మెత్తని వైపు దిగడానికే. ఎక్కేటప్పుడు నిటారు వాలు కష్టపెడుతుంది, అంతే. దిగేటప్పుడైతే అది బ్రేకుల్ని, మణికట్టుల్ని, ధైర్యాన్ని ఒకేసారి పరీక్షిస్తుంది. ఇక వేసవిలో కొండల మీద ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే వస్తాయి. అందుకని అన్నిటికంటే ఎత్తైన కనుమ నెత్తి మీద మధ్యాహ్నంలోపే ఉండేలా వరుస పెట్టుకోండి. రెండు నియమాలూ ఒకదానికొకటి అడ్డొస్తే వానదే పైచేయి.

3. టైమ్‌టేబుల్ రాయండి

అసలు పని ఇదే. ఒక ఊహా రూటు తీసుకుందాం: మొత్తం 109 కి.మీ. మూడు కనుమలు వరుసగా 700, 900, 600 మీటర్ల ఎక్కుళ్లు. అంటే 2,200 మీటర్లు. సగటు వాలు ఏడు శాతం అనుకుంటే ఎక్కే దూరాలు సుమారు 10, 13, 8.5 కి.మీ. దిగుడూ అంతే దూరమని లెక్క పెట్టాను. మిగిలిన 46 కి.మీ. లోయల్లో.

ఎక్కుడు: 700ను 600తో భాగిస్తే గంటా పది నిమిషాలు. 900ను 550తో భాగిస్తే గంటా ముప్పై ఎనిమిది. 600ను 500తో భాగిస్తే గంటా పన్నెండు. మొత్తం సరిగ్గా నాలుగు గంటలు.
దిగుడు: గంటకు 32 కి.మీ. చొప్పున దాదాపు గంట.
లోయ: గంటకు 23 కి.మీ. చొప్పున రెండు గంటలు.
ఆగడాలు: ప్రతి కనుమ మీద 10 నిమిషాలు, నీళ్లకు 15, తిండికి 20. మొత్తం గంటా ఐదు నిమిషాలు.

దిగుడుకు గంటకు 50 కి.మీ. వేసుకోవద్దు. స్పీడోమీటరులో ఆ అంకె కనిపిస్తుంది నిజమే, కానీ మలుపులు, ఊళ్లు, బండ్లు కలిపాక సగటు 30-35 దగ్గరే ఆగుతుంది. పైగా దిగుడులో సమయం సంపాదించాలని ప్లాన్ రాసుకుంటే మలుపు దగ్గర బ్రేకు వేయాల్సిన చోట గడియారం గుర్తొస్తుంది.

పొద్దున 6:00కు బయల్దేరితే కాగితం మీద ఇలా వస్తుంది:

6:26 మొదటి కనుమ అడుగున
7:36 మొదటి కనుమ నెత్తి
8:52 రెండో కనుమ అడుగున (నీళ్లు)
10:45 రెండో కనుమ నెత్తి
11:19 కింద, తిండి
12:00 మూడో కనుమ అడుగున
13:12 మూడో కనుమ నెత్తి
14:04 ముగింపు

దీనికి 45 నిమిషాల మిగులు కలపండి. పంక్చరుకు, ఎదురుగాలికి, తప్పిన మలుపుకు. అలా చూస్తే 14:49. ఇప్పుడు మూడో కనుమ అడుగు గీత పక్కన రాయండి: "12:45 దాటితే ఎక్కకు, లోయ దారి." మిగులంతా ఖర్చయిపోయిందని దాని అర్థం. ఆ నిర్ణయం ఇంట్లో కూర్చుని, కడుపు నిండి ఉన్నప్పుడే తీసుకోవాలి. అలిసిన బుర్ర "ఇంత దూరం వచ్చాం కదా" అనే అంటుంది.

అలాంటి తప్పించుకునే చోటు ప్రతి కనుమకూ ముందు ఒకటి ఉండేలా దారి ఎంచుకోండి: లోయ రోడ్డో, బస్సో, రైల్వే స్టేషనో. బస్సులో సైకిలు ఎక్కించుకుంటారో లేదో ముందే కనుక్కోండి. ఎక్కడా తప్పుకునే వీల్లేని రూటు అయితే మొదటిసారికి అది వద్దు. అందుకే నాకు నచ్చేవి పూల రేకుల్లా ఉండే రూట్లు. మధ్యలో ఒక ఊరు, ఒక్కో కనుమ ఎక్కి మళ్లీ అదే ఊరికి. ఒక రేకు వదిలేసినా రోజు పాడవదు.

4. గేరు లెక్క

సూత్రం సులువు. మీ గంట ఎత్తును వాలు శాతంతో భాగించి, వచ్చినదాన్ని పదితో భాగిస్తే ఎక్కే వేగం వస్తుంది. 600 మీటర్ల మనిషి ఎనిమిది శాతం వాలు మీద గంటకు 7.5 కి.మీ. పోతాడు. పది శాతం మీద 6 కి.మీ.

ఇప్పుడు ముందు చిన్న చైన్‌రింగ్‌కు 34 పళ్లు, వెనుక పెద్ద పళ్ల చక్రానికీ 34 ఉంటే, పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. అంటే దాదాపు 2.1 మీటర్లు. 7.5 కి.మీ. వేగానికి నిమిషానికి 60 చుట్లు. నడుస్తుంది. వెనుక 28 పళ్లే ఉంటే అదే వేగానికి 49 చుట్లు, పది శాతం వాలులో 39. నిమిషానికి 39 చుట్లంటే ప్రతి చుట్టూ మెట్టెక్కినట్టే. ఒక్క కనుమ అలా లాగేయొచ్చు. మూడోదానికి మోకాళ్లు లెక్క అడుగుతాయి.

తేల్చుకోవడానికి: 2వ మెట్టులో గుర్తు పెట్టిన నిటారు కిలోమీటర్ల వాలుతో ఈ లెక్క వేయండి. 50 కంటే తక్కువ చుట్లు వస్తే పెద్ద క్యాసెట్ (వెనుక పళ్ల చక్రాల గుత్తి) కావాలి. వెనుక డిరైలర్ (గేరు మార్చడానికి చైన్‌ను పక్కకు జరిపే భాగం) ఎంత పెద్ద పళ్ల చక్రం దాకా పట్టగలదో చూసి, చైన్ పొడవు సరిపోతుందో మెకానిక్‌తో సరిచూసుకోండి. క్యాసెట్ మాత్రం మార్చి, చైన్ పాతదే ఉంచి, ముందూ వెనుకా పెద్ద పళ్ల చక్రాల మీదికి గేరు వేయగానే డిరైలర్ మెలిపడిన సైకిళ్లు వర్క్‌షాపులకు వస్తూనే ఉంటాయి. మార్చాక స్టాండ్ మీద కాదు, బరువు వేసి ఎక్కుతూ అన్ని గేర్లూ ఒకసారి వేసి చూడండి. పెద్ద పళ్ల చక్రం మీద ఉన్నప్పుడు డిరైలర్ చువ్వలకు తగలకూడదు.

తేలికైన గేరు సిగ్గుపడాల్సిన విషయం అన్నట్టు మాట్లాడేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను మూడో కనుమ సగంలో కలుసుకోండి.

5. బ్రేకులు, టైర్లు

మనిషి, సైకిలు, సామాను కలిపి 85 కిలోలైతే, వెయ్యి మీటర్లు దిగడంలో దాదాపు 830 కిలోజౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. గది వేడిమిలో ఉన్న రెండున్నర లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి అది. వేగంగా వెళ్తే అందులో చాలా భాగం గాలి తీసుకుంటుంది. నెమ్మదిగా, బ్రేకు వదలకుండా దిగితే అంతా బ్రేకుల మీదే పడుతుంది. భయపడి దిగేవాళ్ల బ్రేకులే ఎక్కువ వేడెక్కడానికి కారణం ఇదే.

- ప్యాడ్లు సగానికి తక్కువుంటే మార్చండి. కొత్తవి వేశాక చదును రోడ్డు మీద పది పదిహేనుసార్లు వేగం పెంచి తగ్గించి అరగదీయండి. కొత్త ప్యాడ్లతో నేరుగా కనుమ దిగకండి.
- హైడ్రాలిక్ లీవరు హ్యాండిల్‌కు తగిలేంత మెత్తగా వస్తోందా? గాలి చేరినట్టు. బ్లీడ్ చేయించండి, అంటే ఆ గాలి తీయించండి.
- రిమ్ బ్రేకు, అందులోనూ కార్బన్ రిమ్ అయితే ఆ రిమ్‌కు చెప్పిన ప్యాడ్లే వాడండి. పొడవాటి దిగుడులో రిమ్ వేడికి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. అల్యూమినియం రిమ్ చక్రాలుంటే ఆ రోజుకు అవి మేలు.
- డిస్క్ బ్రేకు అయితే కింద ఆగగానే రోటరును (ప్యాడ్లు పట్టుకునే లోహపు పళ్లేన్ని) వేలితో ముట్టుకోకండి. చర్మం అంటుకుపోతుంది.
- టైరు 28 మి.మీ. లేదా అంతకంటే వెడల్పు, ఫ్రేములో పడితే. నింపే గాలి పీడనం, టైరు మీద, రిమ్ మీద రాసిన గరిష్ఠాలలో తక్కువదాన్ని దాటకూడదు. కోతలు, బయటపడ్డ దారాలు కనిపిస్తే టైరు మార్చండి.

6. బట్టలు

ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఇటలీలోని స్టెల్వియో కనుమ 2,757 మీటర్లు, ప్రాతో వైపు ఎక్కుడు మొదలయ్యే ఊరు 900 మీటర్ల దరిదాపు. ఆ వైపు 48 హెయిర్‌పిన్ మలుపులు (దాదాపు వెనక్కి తిరిగే మలుపులు) తిరిగి నెత్తికి చేరేసరికి దాదాపు 12 డిగ్రీలు పడిపోయి ఉంటుంది. పొద్దున కింద 20 ఉంటే పైన 8. ఎక్కేటప్పుడు చెమటతో తడిసిన జెర్సీ, దిగేటప్పుడు గంటకు 40 కి.మీ. గాలి. చలికి వేళ్లు కొంకర్లుపోతే బ్రేకు లీవరు నొక్కలేరు. అందుకే నిండు గ్లౌజులను నేను జాకెట్ కంటే ముందు సర్దుతాను.

పద్ధతి: నెత్తికి చేరిన రెండు నిమిషాల్లోనే, ఫొటోలకంటే ముందే, జాకెట్ వేసుకోండి. ఒళ్లు చల్లబడ్డాక వేసుకుంటే అది చలినే లోపల దాస్తుంది. జాకెట్ తేలేదా? పాత వార్తాపత్రిక జెర్సీ లోపల ఛాతీ మీద పరచుకోవడం రేసర్ల పాత చిట్కా, ఇప్పటికీ పనిచేస్తుంది.

7. తిండి, నీళ్లు

గంటకు 60 గ్రాముల పిండిపదార్థం లక్ష్యం. మధ్యరకం అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది, మిగతావి పొట్లం మీద చదవండి. కొందరు 90 దాకా తట్టుకుంటారు, కానీ దానికి పొట్టకు వారాల అలవాటు కావాలి. నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండలో ఇంకా ఎక్కువ. చెమట బాగా పడితే ఒక సీసాలో ఉప్పు కలిసిన ద్రావణం.

మొదటి అరగంట, నలభై నిమిషాల్లోనే తినడం మొదలుపెట్టండి. ఆకలి వేశాక తినడమంటే ఆలస్యమైనట్టే. తినడానికి మంచి చోటు ఎక్కుడు మొదట్లోని మెత్తని భాగం, లేదా లోయ. నిటారు చోట నమలడం, ఊపిరి రెండూ కుదరవు. దిగుడులో రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలి. వాచీలో ఇరవై నిమిషాలకొకసారి మోగేలా పెట్టుకుంటే లెక్క తప్పదు.

నీళ్లు దొరికే చోట్లు మ్యాపులో గుర్తు పెట్టండి. రెండు చోట్ల మధ్య రెండు గంటల కంటే ఎక్కువ ఉంటే మూడో సీసా జేబులో పెట్టుకోండి. కనుమ మీద దుకాణం ఉందని మ్యాపు చెప్పినా, అది తెరిచి ఉంటుందని చెప్పదు.

8. ముందురోజు సాయంత్రం

వాతావరణం చూసేటప్పుడు కింది ఊరిది కాదు, కనుమ ఎత్తుకు చెప్పే సూచన చూడండి. గాలి వేగం, ఏ గంటకు ఉరుములు, సున్నా డిగ్రీల రేఖ ఎంత ఎత్తులో అనేవి ముఖ్యం. ఉరుములు మధ్యాహ్నం ఒంటిగంటకు అని ఉంటే, ఆ లోపు చివరి నెత్తి దాటేలా టైమ్‌టేబుల్‌ను ముందుకు జరపండి. జరగకపోతే ఒక కనుమ కోసేయండి.

దారిలో మెరుపు కనిపించాక ఉరుము 30 సెకన్లలోపే వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు. నెత్తి మీదికి వెళ్లకండి. భవనంలోకో, కారులోకో చేరి, చివరి ఉరుము విన్నాక అరగంట ఆగండి. ఒంటరి చెట్టు కింద నిలబడకండి.

టైమ్‌టేబుల్ ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపండి: ఏ గంటకు ఎక్కడ, ఎప్పటిదాకా ఫోన్ రాకపోతే కంగారుపడాలి. ఆ దేశపు అత్యవసర నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. యూరప్‌లోనూ, భారత్‌లోనూ అది 112.

9. ఎక్కడం

మొదటి కనుమ సగంలో పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నారా? అదే సరైన ఊపు. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే తగ్గించండి, ఎవరు దాటిపోతున్నా సరే. పవర్ మీటర్ (తొక్కే శక్తిని కొలిచేది) ఉంటే గంటసేపు నిలబెట్టగల శక్తిలో 70-75 శాతం. మొదటి కనుమ మీద టైమ్‌టేబుల్ కంటే పది నిమిషాలు ముందున్నారంటే సంతోషించాల్సింది కాదు, అనుమానించాల్సింది.

హెయిర్‌పిన్‌లో లోపలి అంచు నిటారుగా ఉంటుంది. బండ్లు లేవని రూఢి అయితే, మీ వైపు హద్దు దాటకుండా వెడల్పుగా తిరగండి. పది నిమిషాలకొకసారి లేచి నిలబడి పాతిక ముప్పై తిప్పుళ్లు తొక్కితే నడుము కుదుటపడుతుంది. లేచే ముందు ఒక గేరు బరువు చేసుకోండి.

10. దిగడం

చేతులు హ్యాండిల్ కింది వంపుల్లో, లీవరు మీద ఒకటి రెండు వేళ్లు. మలుపుకు ముందే, సైకిలు నిటారుగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేకు వేసి వేగం తగ్గించండి. మలుపులోకి వంగేసరికి వదిలేయండి. బయటి వైపు పెడల్ కిందికి దించి దాని మీద బరువు వేయండి. చూపు ముందు చక్రం మీద కాదు, మలుపు బయటికి వచ్చే చోట. మనం ఎటు చూస్తే సైకిలు అటే పోతుంది.

కనిపించని మలుపులో అవతల లారీ మధ్యలో వస్తోందనే అనుకోండి. మీ వైపు దాటి కోయడం మూసేసిన రోడ్ల మీద రేసర్ల హక్కు, మనది కాదు. నీడలో తడి, రాళ్ల పొడి, పశువులు, రోడ్డుకు అడ్డంగా ఇనుప కమ్మీలు: కమ్మీల మీద నేరుగా, వంగకుండా, బ్రేకు లేకుండా దాటండి. సొరంగానికి ముందు నల్ల కళ్లద్దాలు తీసి లైట్లు వేయండి.

వేగంలో హ్యాండిల్ గజగజ వణకడం మొదలైతే దాన్ని గట్టిగా బిగించకండి. మోకాళ్లతో పై ట్యూబును నొక్కిపట్టి, సీటు మీంచి బరువు కాస్త లేపి, వెనుక బ్రేకుతో నెమ్మదిగా వేగం తగ్గించండి.

భయమేస్తే? బ్రేకు అదిమి పట్టుకుని దిగే బదులు, కిలోమీటరుకోసారి విశాలమైన చోట ఆగండి. చేతులు విదిలించుకోండి, చక్రాలు చల్లారనివ్వండి. ఐదు నిమిషాలు పోతాయి. వాటికోసమే ఆ మిగులు.

11. ఇంటికొచ్చాక సరిచూడండి

కాగితాన్ని రికార్డైన రైడ్ పక్కన పెట్టి మూడు అంకెలు పోల్చండి.

మొదటి కనుమ, చివరి కనుమ గంట ఎత్తులు. చివరిది 15-20 శాతం తగ్గితే శక్తి పంపకం బాగుంది. సగానికి పడిపోతే మొదట్లో ఎక్కువ తొక్కారు, లేదా తిండి చాలలేదు. తిన్నదంతా రాసుకుని చూస్తే రెండింటిలో ఏదో తెలుస్తుంది.

ఆగిన సమయం. ఎక్కువమంది ప్లాన్ తప్పేది ఇక్కడే. గంటా ఐదు అనుకున్నది రెండు గంటలైతే కాళ్లను తిట్టకండి. వచ్చేసారి టైమ్‌టేబుల్‌లో రెండు గంటలే రాసుకోండి.

దిగుడు సగటు. అనుకున్నదానికంటే తక్కువ వస్తే పర్వాలేదు, ఆ అంకెనే ఇకపై వాడండి. చాలా ఎక్కువ వస్తే ప్యాడ్లు విప్పి ఎంత మిగిలాయో చూడండి. తక్కువ వచ్చినా చూడండి, ఎందుకో 5వ మెట్టులో చెప్పాను.